గుడ్ల బండి లెక్క: టోల్ కడుతున్నాం, మరి వంతెన మీద ఆ అతుకు ఎవరు బాగుచేయాలి?

గుడ్లబండి (విజయనగరం) అడిగారు:

నమస్కారం అండీ. నాకు సొంతంగా ఒక చిన్న ట్రక్కు ఉంది. విజయనగరం దగ్గర కోళ్ల ఫారంలో తెల్లవారుజామున మూడింటికి గుడ్లు ఎత్తుకుని, నాతవలస దగ్గర పెద్ద హైవే ఎక్కి, రణస్థలం, శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి దుకాణాలకు వేసుకుంటూ కాశీబుగ్గ దాకా పోతాను. తొమ్మిదేళ్లుగా ఇదే పని.

రోడ్డు బాగుందో లేదో నేను కళ్లతో చూడక్కర్లేదు, గుడ్లే చెబుతాయి. ట్రేకి 30. దారిలో చితికిపోయినవి నా ఖాతా. పగులు పట్టినవి సగం ధరకి ఆమ్లెట్ బండివాళ్లకి ఇచ్చేస్తాను. ఏ రోజు ఎన్ని పోయాయో చిన్న నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. నిరుడు వానలకు ముందు రోజుకి పది, పన్నెండు. వానలు వెళ్లాక చూస్తే ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, ఒకరోజు యాభై రెండు. ట్రేలు మార్చాను. టైర్లలో గాలి తగ్గించి చూశాను. కమాన్ పట్టాలు మార్పించాను, దానికో ఆరు వేలు వదిలాయి. అయినా అంతే.

చివరికి మూడు రోజులు వరసగా దారిలో నాలుగైదు చోట్ల బండి ఆపి టార్చి వేసి లెక్కపెట్టాను. దొంగ దొరికాడు. హైవే మీద ఒక నది వంతెన. ఏ వంతెనో ఇక్కడ రాయను, రాస్తే రేపు నా బండిని గుర్తుపట్టి మరీ నిలబెడతారు. వంతెన మధ్యలో అడ్డంగా ఇనప పట్టీల అతుకులుంటాయి కదా, అందులో ఒకదాని పక్క సిమెంటు లేచిపోయి, పట్టీ ఒకవైపు పైకి లేచింది. దాని మీద పడితే వెనకాల దడేల్‌మంటుంది. నిదానంగా పోదామంటే వెనక లారీవాడు హారన్ కొట్టి చంపేస్తాడు.

టోల్ గేటులో అడిగితే అక్కడి కుర్రాడు "మాది వసూలు పని మాత్రమే అన్నా" అన్నాడు. పాపం, వాడిదీ నెల జీతమే. ఊళ్లో రోడ్ల ఆఫీసుకి వెళ్తే "అది మాది కాదు, సెంట్రల్ వాళ్లది" అన్నారు. ఆ సెంట్రల్ వాళ్ల ఆఫీసు అని ఎవరో చెప్పిన చోటికి వెళ్తే "కంపెనీవాళ్లతో మాట్లాడండి" అన్నారు. మా నాన్నగారి పింఛను కాగితాలకి కూడా ఇన్ని మెట్లు ఎక్కలేదు.

నేను అడిగేది ఒకటే. పోనూ రానూ టోల్ కడుతున్నాను, డీజిల్ మీద కడుతున్నాను, బండి ట్యాక్సు కడుతున్నాను. ఈ డబ్బులోంచి ఆ ఒక్క అతుకు బాగుచేయాల్సిన మనిషి ఎవరు? తెలిసినవాళ్లు చెప్పండి.

సాలూరు లారీ అన్నారు:

తమ్ముడూ, నీకు గుడ్లు పోయాయి, మాకు యాక్సిళ్లు (చక్రాల ఇరుసులు) పోతున్నాయి. మా ఊళ్లో ఇంటికో లారీ అని నీకు తెలిసే ఉంటుంది. సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్ మీదుగా రాయపూర్ పోయి వచ్చేసరికి టైర్ల ఖర్చు చూసుకుంటే ఏడుపొస్తుంది.

మనం కట్టేది లెక్కపెట్టు. నేషనల్ పర్మిట్‌కి ఏడాదికి 16,500. మూడు నెలలకోసారి క్వార్టర్లీ ట్యాక్సు. డీజిల్‌లో కేంద్రం రోడ్డు సెస్సు ఉంది, 2020లో రాష్ట్రం కూడా లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు వేసింది. ఆపైన టోల్. రోడ్డు కోసమని ఒకే మనిషి దగ్గర ఇన్నిసార్లు తీసుకున్నాక కూడా రోడ్డు గతుకులుగా ఉందంటే డబ్బు లేక కాదు. నాకు తెలిసి జవాబు ఇంతే.

ఇంకోటి. ఏదైనా వంతెన పాడైతే అందరూ మా లారీల మీద పడతారు, ఓవర్‌లోడు అంటారు. ఇసక, రాయి తోలేవాళ్లని వదిలేసి ఉప్పు బస్తాలు తోలేవాణ్ణి తిడితే ఏం లాభం?

రిటైర్డ్ ఏఈ (విజయనగరం కంటోన్మెంట్) అన్నారు:

గుడ్ల బండి బాబుకి,

నేను ముప్పై ఏళ్లు రోడ్ల పనిలోనే ఇంజనీరుగా ఉండి రిటైరయ్యాను, అందులో సగం వంతెనల కింద తిరగడమే. గుడ్లతో జాయింటు పట్టుకున్నవాణ్ణి ఇప్పుడే చూడటం. మా దగ్గర రోడ్డు గతుకులు కొలిచే మిషను ఉండేది, నీ నోటుబుక్కు దానికంటే చవక.

నువ్వు గేటు దగ్గర కట్టిన రూపాయి ఆ వంతెన దగ్గరే ఉండిపోతుందనుకోకు. ఆ రోడ్డు ఏ పద్ధతిలో కట్టించారన్నదాన్ని బట్టి ఆ రూపాయి దారి మారుతుంది. బీఓటీ అయితే కంపెనీ తన డబ్బు పెట్టి వేసి, ఒప్పందం ఉన్నన్నాళ్లూ టోల్ తనే తీసుకుంటుంది, మరమ్మతు కూడా దాని నెత్తినే. హైబ్రిడ్ యాన్యుటీ అని ఇంకోటి. కట్టేటప్పుడు ప్రభుత్వం 40 శాతం ఇస్తుంది, మిగతా 60 కంపెనీ తెచ్చిపెడితే దాన్ని 15 ఏళ్లలో వాయిదాలుగా తీరుస్తుంది. అక్కడ టోల్ ప్రభుత్వానిది, నిర్వహణ కంపెనీది. ఈపీసీ అంటే డబ్బంతా ప్రభుత్వానిదే. కాంట్రాక్టరు కట్టి, కొన్నేళ్లు లోపాలు సరిచేసి వెళ్లిపోతాడు. ఆ గడువు దాటాక నిర్వహణకి వేరే కాంట్రాక్టు పిలవాలి. ఆ పిలుపు ఆలస్యమైన రోజుల్లోనే రోడ్డు అనాథ అవుతుంది. టీఓటీ అని మరొకటి వచ్చింది. కట్టేసిన రోడ్డుని 20, 30 ఏళ్లకి ఒకేసారి డబ్బు తీసుకుని అప్పగించడం. 2018లో మొదటి విడతలో మన ఆంధ్రా, గుజరాత్ రోడ్లు తొమ్మిది ఇచ్చి 9,681 కోట్లు తెచ్చుకున్నారు.

కాబట్టి నువ్వు అడిగిన "మనిషి" ఎవరన్నది ఆ ముక్క ఒప్పంద పత్రంలో ఉంటుంది. ఒకే హైవే మీద యాభై, అరవై కిలోమీటర్లకి ఆ మనిషి మారిపోతాడు.

ప్రభుత్వం తరఫున వసూలయ్యే టోల్ అయితే ఏజెన్సీ దగ్గరి నుంచి భారత సంచిత నిధికి పోతుంది. అక్కడి నుంచి బడ్జెట్‌లో పర్మనెంట్ బ్రిడ్జ్ ఫీ ఫండ్ అనే పద్దు గుండా ఎన్‌హెచ్‌ఏఐకి, అంటే జాతీయ రహదారుల సంస్థకి, తిరిగొస్తుంది. పేరులో బ్రిడ్జి ఉంది కదా అని సంబరపడకు. ఒకప్పుడు పెద్ద వంతెనలకే రుసుం ఉండేది, ఆ పేరు అలా ఉండిపోయింది. డీజిల్, పెట్రోలు సెస్సు దారి వేరు, అది కేంద్ర రహదారుల, మౌలిక సదుపాయాల నిధికి పోతుంది. 2022 మేలో సుంకం తగ్గించినప్పుడు ఆ సెస్సు డీజిల్ మీద లీటరుకు 2 రూపాయలు, పెట్రోలు మీద 5 అయింది. ఆ నిధి రోడ్లకే అని 2000 చట్టంలో పెట్టారు. 2018లో చట్టం మార్చి మిగతా మౌలిక సదుపాయాలకి కూడా వాడుకునే వీలు చేశారు.

డబ్బు లేదని నేను అనను, సాలూరు వారు చెప్పింది అంతవరకు నిజమే. 2023-24లో దేశమంతా టోల్ వసూలే 55 వేల కోట్లు దాటింది. కానీ జాతీయ రహదారుల పొడవు 2014లో 91 వేల కిలోమీటర్లు, ఇప్పుడు లక్షా 46 వేలు. పాత రోడ్డు మీద వసూలైనది కొత్త రోడ్డుకి, పాత అప్పుకి పోతుంది. ఎన్‌హెచ్‌ఏఐ అప్పు ఒక దశలో 3 లక్షల కోట్లు దాటింది, 2022-23 నుంచి బయట కొత్త అప్పు తేవడం ఆపి బడ్జెట్ మీద నడుపుతున్నారు. కొత్త వంతెనకి కొబ్బరికాయ కొడతారు. జాయింటు రబ్బరు మార్చినందుకు నా సర్వీసులో ఒక్కరూ కొట్టలేదు.

ఇక ఆ అతుకు సంగతి. 40 మీటర్ల స్లాబు ఉందనుకో, చలికాలం తెల్లవారుజాముకీ వేసవి మధ్యాహ్నానికీ పొడవులో ఒక సెంటీమీటరు పైనే తేడా వస్తుంది. అది కదలడానికి వదిలిన సందు అది. సందు అంచుల్లో ఇనప పట్టీలు, మధ్యలో రబ్బరు సీలు. ఇసక, చెత్త చేరి రబ్బరు చిరుగుతుంది, వాన నీళ్లు కిందికి దిగుతాయి. పట్టీ పక్క సిమెంటు లేస్తే చక్రం పడ్డప్పుడల్లా దెబ్బ. పైన నీకు గుడ్లు పోతాయి. కింద ఆ నీళ్లు సరిగ్గా బేరింగుల మీద, స్తంభం తల మీద పడతాయి, అక్కడ ఇనుము తుప్పు పడుతుంది. అందుకని దాన్ని చిన్న విషయం అనుకోవద్దు.

ఎవరికి చెప్పాలి అంటావా? హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్యి. "ఫలానా నది వంతెన" అని చెబితే వాళ్లకి దిక్కు తెలియదు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి, మధ్యలో 200 మీటర్ల చిన్న రాళ్లు ఉంటాయి. వంతెన గోడ చివర నంబరు కూడా రాసి ఉంటుంది, గీతకి ముందున్నది కిలోమీటరు, తర్వాతది ఆ కిలోమీటరులో అది ఎన్నో కట్టడం అని. అది చెప్పు, ఏ వైపు లేనో చెప్పు, ఎన్నో అతుకో చెప్పు. ఫిర్యాదు నంబరు తీసుకో. ఎన్‌హెచ్‌ఏఐ వాళ్ల రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో ఫోటో కూడా పెట్టొచ్చు. నెలలో కదలకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలతో రెండు ప్రశ్నలు అడుగు: ఈ కిలోమీటరు నిర్వహణ ఒప్పందం ఎవరితో ఉంది, ఈ వంతెనని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు. రెండో ప్రశ్నకి జవాబు రాయాలంటే ఎవరో ఒకరు వంతెన కిందికి దిగాలి. అదే మనకి కావలసింది.

ఇంకో మాట, సాలూరు వారికి. యాక్సిలు బరువు పెరిగితే రోడ్డుకి జరిగే నష్టం అదే వరసలో పెరగదు, దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు అయిదో వంతు ఎక్కువైతే నష్టం రెట్టింపు. కోపం తెచ్చుకోవద్దు.

సాలూరు లారీ అన్నారు:

కోపమేం లేదు సార్. కానీ 2018లో ఒక్క యాక్సిలుకి 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకి పెంచింది ఎవరు? ప్రభుత్వమే. మేం అడిగామా? చట్టం ఒప్పుకున్న బరువే వేసుకుంటే కూడా తప్పు మాదేనా? మీ లెక్కే వేసి చెప్పండి.

రిటైర్డ్ ఏఈ అన్నారు:

వేశాను. మీరు చెప్పినది సరే. ఆ మార్పు వల్లే నష్టం నూటికి అరవై వంతులు పెరిగినట్టు వస్తుంది, అదీ చట్టం లోపల ఉన్న లారీకి. బరువు పెంచిన రోజే రోడ్డు పైపొర మార్చే గడువు కూడా తగ్గించి, నిర్వహణ డబ్బు పెంచాల్సింది. ఇందులో మీ తప్పు లేదు, వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే పాత వంతెనల దగ్గర మాత్రం జాగ్రత్త. 2023 మేలో ఇచ్ఛాపురంలో బాహుదా మీద బ్రిటిష్ కాలం వంతెన ఏమైందో చూశారుగా. పెద్ద బండరాయి వేసుకున్న లారీ ఎక్కగానే కూలింది. ఈనాటి హైవే వంతెనలు పెద్ద బరువులకి లెక్క కట్టినవి. ఆ కాలపు వంతెనకి అంత లారీ ఒకటి వస్తుందనే ఊహే లేదు.

ఎచ్చెర్ల అప్ అండ్ డౌన్ అన్నారు:

అన్నయ్యా, నేను రోజూ ఇదే రోడ్డు మీద ఉద్యోగానికి తిరుగుతాను. రోడ్డు సంగతి పెద్దాయన చెప్పారు, నేను నీ టోల్ సంగతి చెబుతాను.

15 ఆగస్టు 2025న 3,000 రూపాయలతో మొదలైన ఏడాది పాసు, 200 ట్రిప్పులది, నీకు రాదు. అది సొంత కార్లు, జీపులకే. టోల్ గేటుకి 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకి నెల పాసు ఉంది, అది కూడా సొంత వాడకపు బళ్లకే. కానీ గేటు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లాలో రిజిస్టరైన కమర్షియల్ బండికి, నేషనల్ పర్మిట్ లేకపోతే, సగం రుసుమే. పక్కన సర్వీసు రోడ్డో వేరే దారో ఉంటే మాత్రం వర్తించదు. బోర్డు మీద కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. రాష్ట్రమంతా ఒకే ఏపీ 39 నంబరు వరస వచ్చాక నంబరు చూసి జిల్లా తెలియదు కాబట్టి ఆర్‌సీ చూపించి అడగాలి. ఇరవై నాలుగు గంటల్లో తిరిగి వస్తే పోనూ రానూ కలిపి ఒకటిన్నర రెట్లే పడాలి, ఫాస్టాగ్ మెసేజీలు చూసుకో. మా ఇంట్లో రెండుసార్లు పూర్తిగా కోసేశారు, అడిగితే తిరిగి వేశారు.

ఇంకో సందేహం పెద్దాయనకి. రోడ్డు బాగోలేకపోతే టోల్ కట్టనని అనొచ్చా? కేరళలో ఏదో తీర్పు వచ్చిందని విన్నాను.

రిటైర్డ్ ఏఈ అన్నారు:

గేటు దగ్గర నువ్వు ఒక్కదానివే అంటే కుదరదమ్మా, వెనక లైను ఆగిపోతుంది, అంతే. కేరళ సంగతి నిజమే. త్రిసూర్ దగ్గర పాలియెక్కర గేటులో 2025 ఆగస్టులో హైకోర్టు టోల్ ఆపించింది. పనులు సగంలో ఉండి గంటల కొద్దీ ట్రాఫిక్ ఆగిపోతుంటే రుసుం ఎలా తీసుకుంటారని. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. అక్టోబరులో మళ్లీ మొదలైంది. ఒక అతుకు కోసం అంతదూరం వెళ్లక్కర్లేదు.

గుడ్లబండి అన్నారు:

సార్, మీరు చెప్పినట్టే వంతెన నంబరు చూద్దామని నిన్న తెల్లారాక ఆపాను. నంబరు మీద పాత ఎన్నికల పోస్టరు. గోకి చూసుకున్నాను. 1033కి చేశాను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు.

ఎలాగూ ఆగాను కదా అని కిందికి దిగి చూశాను. మీరన్నట్టే ఆ అతుకు కింద స్తంభం తల మీద నల్లగా నీటి చారలు, ఒకచోట ఎర్రగా తుప్పు. దానికంటే నాకు టెన్షన్ పెట్టింది ఇంకోటి. నీళ్లలో ఉండాల్సిన స్తంభాల పునాది బావులు రెండు మూడు అడుగులు బయటికి కనబడుతున్నాయి. కొంచెం దూరంలో ట్రాక్టర్లు వరసగా ఇసక ఎత్తుతున్నాయి. మా చెల్లెలు ఇల్లు కట్టుకునేటప్పుడు నేనే అలాంటి ట్రాక్టరు ఇసక రెండు లోడ్లు తోలించాను, అబద్ధం ఎందుకు. ఇది మామూలేనా?

రిటైర్డ్ ఏఈ అన్నారు:

పునాది బావి కొంచెం బయటపడినంత మాత్రాన వంతెన పడిపోదు. నదిలో ఇసక వరదకి కోసుకుపోతుంది, మళ్లీ మేట వేస్తుంది, దానికి లెక్క కట్టే బావిని లోతుగా దించుతారు. ఇబ్బంది ఎక్కడంటే, వరద కోసే లెక్కలో ట్రాక్టరు కోసే లెక్క లేదు. నాగావళి, వంశధార రెండూ కొండల నుంచి హఠాత్తుగా దిగే నదులు. ఒక్క రాత్రిలో మట్టం ఎక్కడికో వెళ్తుంది. ఇసక ముందే ఎత్తేసి ఉంటే ఆ ఒక్క రాత్రి కోత మామూలుకంటే లోతుకి పోతుంది. అందుకే మన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నిబంధనల్లో వంతెనకి 500 మీటర్ల లోపు ఇసక తీయకూడదని ఉంది. మీరు చూసిన దూరం ఎంత?

2016లో మహారాష్ట్రలో ముంబై-గోవా హైవే మీద సావిత్రి నది వంతెన వరదలో రాత్రికి రాత్రి కొట్టుకుపోయి బస్సులు నదిలో పడ్డాయి. అదీ బ్రిటిష్ కాలం వంతెనే, జాతీయ రహదారి మీదే. ఆ ఏడాదే జాతీయ రహదారుల మీది వంతెనలన్నిటికీ నంబర్లిచ్చి స్థితి రాసుకునే పద్ధతి మొదలుపెట్టారు. రాసుకోవడం బాగానే జరిగింది. కిందికి దిగి చూడ్డానికి మనిషి, నిచ్చెన, పడవ కావాలి, వాటికి డబ్బు మరమ్మతు పద్దులోంచే రావాలి. ఆ పద్దుకి ఎప్పుడూ చివరి వాటానే.

ఇసక సంగతి గనుల శాఖకీ తహశీల్దారుకీ రాయాలి, 1033కి కాదు. ఫోటో తీసేటప్పుడు ట్రాక్టరూ స్తంభమూ ఒకే ఫ్రేములో పడేట్టు తియ్యి. నీ పేరు పెట్టొద్దులే, నేను రాస్తాను. రిటైరైనవాణ్ణి, నన్నేం చేస్తారు?

గుడ్లబండి అన్నారు (26 రోజుల తర్వాత):

అందరికీ చెప్పాలి కదా అని వచ్చాను.

ఫిర్యాదు ఇచ్చిన ఆరో రోజు ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆ అతుకు మీద తారు, సన్న కంకర పోసి చదును చేసి వెళ్లిపోయారు. ఆ రోజు నోటుబుక్కులో 9. సంబరపడి ఇంట్లో పకోడీ చేయించాను. నాలుగు రోజులకి ఒక వాన పడింది, తారంతా లేచి పక్కకి వచ్చేసింది. మళ్లీ 44.

రిటైర్డ్ ఏఈ అన్నారు:

జాయింటు మీద తారు పోశారా! కదలడానికి వదిలిన సందుని పూడ్చేస్తే అది ఊరుకుంటుందా? సగం రోడ్డు మూసి, లేచిన సిమెంటంతా కొట్టేసి, పట్టీ సరిచేసి, కొత్త కాంక్రీటు పోసి, అది గట్టిపడేదాకా బండి ఎక్కనివ్వకూడదు. తక్కువలో తక్కువ కొన్ని రోజుల పని. మూసినన్నాళ్లూ జనం తిడతారని ఎవరూ మొదలుపెట్టరు. ఆ పాత నంబరు మీదే మళ్లీ చెయ్యి, "పని పూర్తయింది" అని మూసేసి ఉంటారు, తెరిపించు.

గుడ్లబండి అన్నారు:

తెరిపించాను సార్. నిజంగానే మూసేసి ఉంది. సమాచార హక్కు కాగితం కూడా వేశాను, మీరు చెప్పిన రెండు ప్రశ్నలే. జవాబు ఇంకా రాలేదు. కానీ మొన్నటి నుంచి వంతెన ఒకవైపు సగం మూసి, ఎర్ర కోన్లు పెట్టి, జనరేటరు లైట్లలో రాత్రిళ్లు పని చేస్తున్నారు. ట్రాఫిక్ ఆగి నాకు అక్కడే నలభై నిమిషాలు పడుతోంది, టెక్కలి దుకాణంవాడు లేటని రోజూ తిడుతున్నాడు. లైనులో ఆగి ఉన్నప్పుడు దిగి చూశాను, కింద పడవలో ఇద్దరు టార్చీలు వేసి స్తంభాలు చూస్తున్నారు.

ఇసక ట్రాక్టర్లు ప్రస్తుతానికి లేవు. చక్రాల జాడలు మాత్రం కొత్తవే.

ఎచ్చెర్ల చెల్లెమ్మకి: సగం రుసుం గురించి అడిగాను. నా బండి విజయనగరం రిజిస్ట్రేషను, నేను ఎక్కువసార్లు దాటే గేటు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. రాదన్నారు.